సూటు తొడిగే ముందు ఒక మాట

బడంగ్‌పేట్

మన వాడకట్టు పిల్లలకు,



మీలో చాలామంది నాకు మొహం తెలిసినవాళ్లే. నాదర్‌గుల్ రోడ్డు మీదనో బాలాపూర్ చౌరస్తాలోనో ఎదురైతే "తాతా, బాగున్నవా?" అని పలకరించేవాళ్లే. నేను దర్జీనని మీకు తెలుసు. తర్వాత ఐటీఐలో కటింగు, కుట్టుపని నేర్పానని కొందరికే తెలుసు. పాఠం చెప్పాలంటే చదవాలి కాబట్టి, ఏ దేశంలో ఏ కోటు ఎందుకు పుట్టిందో వెతికి చదవడం అప్పుడే అలవాటైంది. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించడానికి కళ్లు సహకరించడం లేదు గానీ, ఎవరి భుజం మీద కోటు ఎట్లా కూర్చుందో దూరం నుంచే చెప్పగలను.

ఈ పెండ్లిళ్ల సీజన్‌లో మన ఫంక్షన్ హాళ్లలో చూసినవే ఈ ఉత్తరం రాయిస్తున్నాయి. మూడేళ్ల పిల్లవాడికి పాలిస్టర్ త్రీపీస్ సూటు, మెడకు ఎలాస్టిక్ బో. చెమటకు వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే ఫోటోగ్రాఫర్ "స్మైల్, స్మైల్" అంటాడు. డిగ్రీ చదివే పిల్లలు దోస్తు రిసెప్షన్ కోసం బ్లేజర్లు కిరాయికి తెస్తున్నారు. ఉద్యోగం ఇంకా రాలేదు, ఇంటర్వ్యూ సూటు మీద ఈఎంఐ మాత్రం మొదలైంది. నా దగ్గరకొచ్చి అడిగేదల్లా "తాతా, ఏ రంగు? స్లిమ్ ఫిట్టేనా?" అని. రంగు సంగతి తర్వాత చూద్దాం. ఆ చిన్న కోటు వెనుక ఒక పెద్ద కథ ఉంది. అది వినాలంటే నాతో వందేళ్లకు పైగా వెనక్కి, ఫ్రాన్సు దాకా రావాలి.

1900 నాటి ఫ్రాన్సులో మగపిల్లవాడి ఒంటి మీది బట్ట చూసి వాడి వయసు, ఇంటి స్థాయి, చదివే బడి చెప్పేయవచ్చు. నడక నేర్చిన కొత్తలో మగపిల్లలకూ గౌనే. మూడు నాలుగేళ్ల దాకా అన్నాచెల్లెళ్లను పోల్చడం కష్టంగా ఉండేది. నవ్వకండి. పుట్టువెంట్రుకలు తీయించే ముందు మీకూ జడ వేసి, పూలు పెట్టి, గౌను తొడిగి ఫోటో తీయించే ఉంటారు, మీ అమ్మనడగండి. గౌను దాటాక వాళ్లకు నావికుడి సూటు, ఆ తర్వాత మోకాళ్ల దాకా ఉండే లాగుతో కోటు. మీసం మొలిచే వయసుకు గానీ పొడుగు ప్యాంటు దొరికేది కాదు. ఎవరు ఎప్పుడు ఏ మెట్టు ఎక్కాలో పెద్దలదే నిర్ణయం. పదమూడేళ్లు నిండి, ఒళ్లు సాగినా చలిలో మోకాళ్లు బయటపెట్టుకుని తిరుగుతూ, పొడుగు ప్యాంటు కోసం రోజులు లెక్కబెట్టుకున్న పిల్లలు ఎందరో.

నావికుడి సూటు ఫ్రాన్సులో పుట్టింది కాదు. 1846లో విక్టోరియా రాణి తన పెద్ద కొడుక్కు, ఐదో ఏడు నడుస్తున్న ఆల్బర్ట్ ఎడ్వర్డుకు, రాజనౌక మీద ప్రయాణం కోసం నావికులు తొడిగే బట్టల్నే చిన్న కొలతకు కుట్టించింది. వింటర్‌హాల్టర్ అనే చిత్రకారుడు ఆ బట్టల్లో పిల్లవాడి బొమ్మ గీశాడు. ఆ బొమ్మ చూసి యూరప్ తల్లులంతా మనసు పారేసుకున్నారు. కొన్ని దశాబ్దాల్లో అది రాజుల ఇళ్ల నుంచి గుమాస్తాల ఇళ్లకు దిగివచ్చింది. ఫోటోల్లో రష్యా యువరాజు అలెక్సీ దానిలోనే కనిపిస్తాడు. జపాన్‌లో 1920ల్లో ఆడపిల్లల బడి యూనిఫారం అయింది. 1934లో తెర మీదికొచ్చిన డోనాల్డ్ డక్ ఒంటి మీద మీరు చిన్నప్పుడు చూసిందీ అదే.

ఫ్రాన్సులో దాని కుట్టు ఇట్లా ఉండేది: వీపు మీదికి పలకలా వాలే వెడల్పు కాలర్, దాని అంచున తెల్లని పట్టీలు, గొంతు దగ్గర తెరిచిన మెడ, తలమీదుగా తొడుక్కునే వదులు అంగీ. చలికి ముదురు నీలం ఉన్ని, ఎండకు తెల్లని నూలు. కాలర్ కింద కొందరికి చారల బనీను. ఆ చారలకూ చరిత్ర ఉంది. 1858లో ఫ్రెంచి నౌకాదళం తన నావికుల చారల బనీనుకు కొలతలు ఖరారు చేస్తూ, ఒంటి మీద 21 తెల్ల చారలుండాలని రాసిపెట్టింది.

ఈ సూటుకు అదే కాలంలో ఒక పోటీదారు ఉండేది. 1886లో ఫ్రాన్సిస్ హాడ్జ్‌సన్ బర్నెట్ రాసిన 'లిటిల్ లార్డ్ ఫాంట్లెరాయ్' అనే కథ పుస్తకంగా వచ్చింది. అందులోని బాలుడికి నల్ల మఖ్మల్ సూటు, లేసు కాలర్, భుజాల మీద ఉంగరాల జుట్టు. అమెరికా, ఇంగ్లండు, ఫ్రాన్సు తల్లులు తమ కొడుకుల్ని ఆ బొమ్మలా తయారు చేయాలని చూశారు. ఆ సూటుతో చెట్టెక్కలేరు, మట్టిలో కూర్చోలేరు, లేసు చినిగితే దెబ్బలు. పిల్లలు దాన్ని అసహ్యించుకున్నారు. మఖ్మల్ సూటు కొన్నేళ్ల ముచ్చటై, ఆ తర్వాత పెండ్లిళ్లలో తోడుపిల్లలకే మిగిలింది. నావికుడి సూటు 1930ల దాకా చలామణి అయింది. దర్జీగా నా తీర్పు చెబుతాను: మెడ తెరిచి ఉంది, చంకలో గాలాడింది, ఉతికితే పాడు కాలేదు, పిల్లవాడు దాన్ని తొడుక్కుని పరుగెత్తగలిగాడు. అందుకే నిలిచింది.

ఇక డబ్బు సంగతి. 1824లో పియేర్ పారిసో అనే వర్తకుడు పారిస్‌లో 'లా బెల్ జార్డినియేర్' దుకాణం తెరిచి, ముందే కుట్టిన బట్టలు అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత బాన్ మార్షే వంటి పెద్ద దుకాణాలు బొమ్మలతో, ధరలతో కేటలాగులు అచ్చేసి పల్లెల దాకా పోస్టులో పంపాయి. ఏ వయసు పిల్లవాడికి ఏ సూటో ఆ పేజీల్లో వరసగా ఉండేది. పారిస్ పిల్లవాడు తొడిగిందే పల్లెటూరి గుమాస్తా కొడుకూ తొడగాలన్న కోరిక ఆ పేజీల నుంచే పుట్టింది. ఇవాళ మీ ఫోన్లో వేలు జరిపితే కనిపించే రీళ్లు ఆ కేటలాగుకు మునిమనవళ్లు.

మా వృత్తివాళ్లు ఈ మార్పుకు మొదట్లోనే ఎదురు తిరిగారు. బార్తెలెమీ తిమోనియే అనే ఫ్రెంచి దర్జీ 1830లో కుట్టుమిషనుకు పేటెంటు పొంది, పారిస్‌లో సైనికుల బట్టలు కుట్టే కార్ఖానా పెట్టాడు. పొట్ట కొడుతుందన్న భయంతో 1831లో పారిస్ దర్జీలు లోపలికి జొరబడి ఆ మిషన్లను పగలగొట్టారు. మిషను ఆగలేదు. అందరికీ సూటు అందేటట్టు చేసిందీ అదే, ఒక్కొక్కడి ఒంటి కొలత చూసి కుట్టే పద్ధతిని మూలకు నెట్టిందీ అదే.

ఆ సూట్లు అందరు పిల్లలకూ అందాయనుకోకండి. రైతుల, కూలీల పిల్లలకు గట్టి కార్డురాయ్ లాగు, కాళ్లకు చెక్క అడుగు చెప్పులు. అన్నకు పొట్టిదైంది తమ్ముడికి, తమ్ముడికి చినిగింది అతుకుతో మరో తమ్ముడికి. జూల్ ఫెర్రీ మంత్రిగా ఉండగా 1881, 1882ల్లో చేసిన చట్టాలతో ప్రాథమిక చదువు ఉచితమైంది, ఆరేళ్ల నుంచి పదమూడేళ్ల దాకా తప్పనిసరి అయింది. ఆ బడుల్లో పిల్లలు సాధారణంగా బట్టల మీద నల్లదో బూడిదరంగుదో ఒక వదులు నూలు అంగీ వేసుకునేవాళ్లు. సిరా మరకలు దాని మీదే పడేవి. లోపల ఎవరి కోటు కొత్తదో, ఎవరి చొక్కాకు అతుకులున్నాయో బయటికి తెలిసేది కాదు. ఆ కాలపు పిల్లల బట్టలన్నింటిలో నాకు ఎక్కువ గౌరవం ఉన్నది ఈ అంగీ మీదనే. కేటలాగుల్లో దానికి పెద్ద పేజీ లేకపోయినా సరే.

పేదింట్లో ఒక్క గుండీ విలువ ఎంతో తెలియాలంటే లూయీ పెర్గో 1912లో రాసిన 'గుండీల యుద్ధం' నవల ఉంది. ఆయన బడిపంతులు. రెండు పల్లెల పిల్లలు కొట్టుకుంటారు. గెలిచినవాళ్లు ఓడినవాడి గుండీలు, లాగు పట్టీలు, బూటు తాళ్లు కోసేసుకుని పంపుతారు. ఇంటికి పోతే వాడికి తల్లి చేతిలో అసలు దెబ్బలు. అందుకని ఒకసారి బట్టలన్నీ విప్పేసి యుద్ధానికి దిగుతారు. చదివితే నవ్వు ఆగదు. కానీ రాసిన మనిషి మూడేళ్లకే, 1915 ఏప్రిల్‌లో, నిజమైన యుద్ధంలో పోయాడు.

ఈ కథలో బరువైన భాగం ఇక్కడుంది. 1900లో ఫోటో స్టూడియోల్లో నావికుడి సూటు తొడిగి, చేతిలో గుండ్రని చక్రమో చెక్కగుర్రమో పట్టుకుని నిలబడిన ఐదారేళ్ల పిల్లలు 1914 నాటికి ఇరవయ్యేళ్లవాళ్లు. నావికుడి సూటులో పెరిగిన ఆ తరం నేరుగా సైనికుడి కోటులోకి మారింది. యుద్ధం మొదట్లో ఫ్రెంచి పదాతిదళానికి ఎర్ర ప్యాంటు. అది దూరం నుంచి కనిపిస్తుందని, మార్చాలని ముందే కొందరు చెప్పారు. ఎర్ర ప్యాంటు ఫ్రాన్సు పరువని మరికొందరు పట్టుబట్టారు. 1915లో మసక నీలం యూనిఫారం వచ్చేలోపు లెక్కలేనన్ని ప్రాణాలు పోయాయి. మరణాలకు బట్ట ఒక్కటే కారణం కాదు, శత్రువు ఫిరంగులు, మరతుపాకులు అసలు కారణం. అయినా ఒంటిని కాచే బట్ట కంటే పరువును చాటే బట్ట ముఖ్యమనుకున్న పెద్దల మొండితనం ఆ ఎర్ర గుడ్డలో ఉంది. నాలుగేళ్లలో ఫ్రాన్సు 13 లక్షలకు పైగా సైనికుల్ని పోగొట్టుకుంది. తండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లల్ని జాతి దత్తత తీసుకుంటుందని 1917లో చట్టం చేయాల్సి వచ్చింది.

ఇంత చెప్పాక "తాతా, ఫ్రాన్సుకూ బడంగ్‌పేట్‌కూ ఏం సంబంధం?" అంటారు. ఉంది. మన పక్కనే, సరూర్‌నగర్ దాటి మలక్‌పేట వైపు పోతే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఒక ఫ్రెంచివాడి సమాధి స్తంభం ఉంది. రెండో నిజాం అలీ ఖాన్ కొలువులో సైన్యానికి ఫ్రెంచి పద్ధతిలో కవాతు నేర్పిన రేమండ్ అతను. 1798లో పోయాడు. అదే ఏడాది అతని దళాన్ని ఇంగ్లీషువాళ్లు ఆయుధాలు దింపించి ఇంటికి పంపారు. ఆ తర్వాత మన దగ్గరికి వచ్చిన కోటూ ప్యాంటూ అన్నీ ఇంగ్లీషు దారినే వచ్చాయి. తెలుగు నేల మీద ఫ్రెంచి జెండా చివరిదాకా మిగిలిన చోటు యానాం. అది 1954 దాకా వాళ్ల చేతిలోనే ఉంది. అక్కడి మంగళవారం సంతకు చుట్టుపక్కల జిల్లాల తెలుగువాళ్లు విదేశీ సరుకు కోసం పోయేవాళ్లు.

మన హైదరాబాదు నిజాముల రోజుల్లో కోటుకు తనదైన జవాబు చెప్పింది. అదే షేర్వానీ. అచ్కన్ అనే పాత అంగీ పొడుగు, విదేశీ కోటు కత్తిరింపు కలిసి, మెడ దాకా వరసగా గుండీలతో నిలిచిన బట్ట. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ ఇళ్ల పిల్లలు దాన్నే తొడుక్కుని పాఠాలు విన్నారు. పాతబస్తీ ఇళ్లలో నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజుల పిల్లవాడికి బిస్మిల్లా చేసేటప్పుడు బుల్లి షేర్వానీ కుట్టించేవాళ్లు, ఇప్పటికీ కుట్టిస్తారు. 1923లో జాగీర్దార్ల కొడుకుల కోసం పెట్టిన కాలేజీ, ఇప్పటి బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూలు, ఇంగ్లండు బడుల పద్ధతిని తెచ్చింది. షోకు హద్దు దాటితే ఎట్లా ఉంటుందో చూడాలంటే పురానీ హవేలీకి పోండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువాలు రెండంతస్తుల్లో ఒక వసారా పొడుగునా ఉంటాయి. పై అంతస్తుకు చేత్తో తిప్పే లిఫ్టు కూడా ఉంది. తొడిగిన బట్ట మళ్లీ తొడగలేదని ఆయన గురించి చెప్పుకుంటారు. రాజు కాబట్టి చెల్లింది.

ఇంకో పోలిక చూడండి. ఫ్రాన్సులో పదకొండు, పన్నెండేళ్లకు చర్చిలో పెద్ద ప్రసాదం తీసుకునే రోజున పిల్లవాడికి కొత్త నల్లసూటు కుట్టించి, ఎడమ చేతికి కుచ్చులున్న తెల్ల పట్టుపట్టీ కట్టేవాళ్లు. బంధువుల భోజనాలు, స్టూడియో ఫోటో, లేనివాళ్లకు అప్పులు. మన ధోతీ ఫంక్షన్ గుర్తొచ్చిందా? వాళ్లూ మనమూ పిల్లవాడు పెద్దవాడయ్యాడని చెప్పడానికి గుడ్డనే వాడుకున్నాం. నేను దాన్ని తప్పనను. పంచె కట్టుకోవడం నేర్పండి, తాతల చేత కట్టించండి. కానీ ఫ్లెక్సీ, డ్రోన్, మూడు డ్రెస్సుల మార్పు అయ్యేసరికి పిల్లవాడి ముచ్చట మిగలదు, తండ్రి అప్పు మిగులుతుంది.

ఈ కథంతా చెప్పింది ఒక్క మాట కోసం. చూసేవాళ్ల కోసం కుట్టిన బట్ట తొడిగినవాణ్ణి బాధపెడుతుంది. తొడిగేవాడి ఒళ్లు, పని, ఊరి ఎండ చూసి కుట్టిన బట్ట వాణ్ణి కాపాడుతుంది, చూసేవాళ్లకూ బాగుంటుంది. ఫ్రాన్సులో మఖ్మల్ సూటు ఓడి నావికుడి సూటు గెలిచింది ఇందుకే. ఎర్ర ప్యాంటు నేర్పిందీ ఇదే.

ఇప్పుడు మీరు అడిగినదానికి వస్తాను.

సూటులో ముందు చూడాల్సింది భుజం. కోటు భుజం కుట్టు మీ భుజం ఎముక చివర ఆగాలి. చేతుల పొడుగు తగ్గించవచ్చు, నడుము బిగించవచ్చు, భుజం తప్పితే దాన్ని సరిచేయడం దాదాపు కొత్త కోటు కుట్టినంత పని. తొడుక్కుని చేతులు ముందుకు చాపండి, కూర్చోండి, వంగి బూటు తాడు కట్టుకోండి. ఎక్కడ పట్టేసినా ఆ కోటు మీది కాదు. స్లిమ్ ఫిట్ అంటే ఊపిరాడకపోవడం కాదు. చివరి గుండీ పెట్టకుండా వదిలేయండి, అది మర్యాద. ఆ అలవాటు ఏడో ఎడ్వర్డు రాజు నుంచి వచ్చిందంటారు. ఆయన ఎవరో తెలుసా? 1846లో నావికుడి సూటు తొడిగిన ఆ పిల్లవాడే, పెద్దయి రాజయ్యాడు.

ఏప్రిల్, మే ముహూర్తాలకు మన దగ్గర ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. పాలిస్టర్ గుడ్డ చెమటను పీల్చదు. పల్చని ఉన్ని, నూలు, లినెన్, ఖద్దరులో ఏదైనా తీసుకుని అస్తరు సగమే వేయించండి. ముదురు నీలం లేదా బూడిదరంగు ఒక్క సూటు చాలు, ఇంటర్వ్యూకూ పెండ్లికీ అదే నడుస్తుంది. లోపల కాన్వాసు కుట్టిందా, జిగురుతో అతికించిందా అని దర్జీని అడగండి. నాసిరకం జిగురుదైతే నాలుగు డ్రైక్లీనింగుల తర్వాత రొమ్ము మీద బుడగలు లేస్తాయి. కుట్ల లోపల, చేతుల చివర, ప్యాంటు కింద గుడ్డ మడిచి వదిలేయమని చెప్పండి. పాత దర్జీలు పెరిగే పిల్లలకు అట్లా వదిలేవాళ్లు, ఫ్రాన్సులోనూ ఇక్కడా. మీరు ఇంకా పెరుగుతున్నారు, నిలువుగా కాకపోతే అడ్డంగా.

ఒక్క సాయంత్రానికైతే కిరాయి సూటే మేలు, దానికి సిగ్గుపడకండి. ఇంటర్వ్యూకు సూటు లేకపోతే ఉతికి ఇస్త్రీ చేసిన అంగీ, పాలిష్ పెట్టిన బూట్లు చాలు. నేను కోట్లు కుట్టి బతికినవాణ్ణి, అయినా చెబుతున్నాను, కోటు చూసి ఉద్యోగం ఇచ్చే చోట ఎక్కువ రోజులు ఉండబుద్ధి కాదు. జీతం రాకముందు సూటు కోసం అప్పు మాత్రం చేయకండి.

చివరగా ఒక్కటి అడుగుతున్నాను, పెద్దవాణ్ణి కాబట్టి అడిగే హక్కుందనుకుంటాను. పెండ్లిళ్లలో మీ తమ్ముళ్లు, అన్న కొడుకులు, అక్క పిల్లలు ఆ పాలిస్టర్ సూట్లలో ఉక్కిరిబిక్కిరవుతుంటే అడ్డం పడండి. ఒక ఫోటో దిగాక కోటు విప్పించండి. వీలైతే ముందే నూలు కుర్తానో బుల్లి పంచెనో కొనిపించండి. వాళ్ల తరఫున మాట్లాడాల్సింది మీరే, వాళ్లకింకా నోరు లేదు. ఇక మీ సూటు సంగతి అంటారా, గుడ్డ కొనేముందు ఒకసారి మా ఇంటికి రండి. కొలతలు నేనే తీసిస్తాను, పైసలు తీసుకోను.

మీ మేలు కోరే
టైలర్ తాత